మా మేడ మీద తొమ్మిదవ క్లాజు

ఆనాటి సమావేశానికి హాజరైనవారు, ఆసీనులైన క్రమంలో: బల్లకు ఎగువ కొసన కమిటీ అధ్యక్షురాలు. ఆమెకు కుడివైపు అధికార పక్షం వారు, అనగా ముందు హెడ్మాస్టరు గారు, ఆయన పక్కన కాంట్రాక్టరు గారు. ఎడమవైపు ప్రతిపక్షం వారు, అనగా ముందు లాయరమ్మ గారు, ఆమె పక్కన మేమందరం చాటున ‘ససేమిరా’ అని పిలుచుకునే పెద్దమనిషి. దిగువ కొసన, అధ్యక్షురాలికి ఎదురుగా, కమిటీ కార్యదర్శినైన నేను. నా వెనుక స్టెనోగ్రాఫరు. తెరిచి ఉన్న తలుపు అవతల, వరండా బెంచీల మీద, వినవచ్చిన జనం.

శాసనసభ పనితీరు ఎరుగనివారు బిల్లు అంటే సభలో గట్టిగా అరుచుకుని చేతులెత్తే వ్యవహారమనుకుంటారు. సభలో జరిగేది ఉపన్యాసం. పని జరిగేది కమిటీ గదిలో. అక్కడ బిల్లును దర్జీ బల్ల మీది కోటులాగా కుట్లు విప్పి పరుస్తారు. దానివల్ల బాగుపడేవారినీ చెడేవారినీ పిలిచి వింటారు. ఆ తరువాత ఒక్కొక్క క్లాజునే పైకి చదివి, ఎవరైనా సవరణ తెస్తే దాని సంగతి ముందు తేల్చి, చివరికి ఆ క్లాజు బిల్లులో నిలుచునా, నిలువదా అని ఓటుకు పెడతారు. నా ఉద్యోగ జీవితమంతా ఈ పద్ధతిని చూశాను. ఇంతకంటె మంచిది ఎవరైనా కనిపెడితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఆ వేసవిలో మా ముందుకు వచ్చినది శిశు సంరక్షణ కేంద్రాల బిల్లు. తొలి సమావేశంలో దానిని ఆసాంతం పైకి చదవడం కార్యదర్శి విధి. చదువుతూ తొమ్మిదవ క్లాజుకు వచ్చాను. “ఏ శిశు సంరక్షణ కేంద్రమును భవనపు నేల అంతస్తులో తప్ప మరే అంతస్తులోనూ నిర్వహించరాదు.” నా గొంతు వణకలేదు. కార్యదర్శి గొంతు వణకరాదు. కాని చదవడం ముగించి, కాగితాలు సర్ది, లేచి నిలబడ్డాను.

“మేడమ్, ముందుకు పోయే ముందు ఒక విషయం రికార్డులో ఉండాలి. నా సొంత చెల్లెలు ఇలాంటి కేంద్రమే నడుపుతోంది. మేడ మీద. నేనుండే ఇంట్లోనే.”

అధ్యక్షురాలు కళ్ళజోడు మీదుగా చూశారు. “మీకు ఓటుందా?”

“లేదండి.”

“అడగనిదే మాట్లాడతారా?”

“మాట్లాడనండి.”

“మరింకేం? రికార్డు చేసుకుని కూర్చోండి.”

“నేనొప్పుకోను,” అన్నారు ససేమిరా గారు.

“దేనికండీ?”

“అది తరువాత చెప్తా. ముందు ఒప్పుకోనని రాసుకోండి.”

రాసుకున్నాను.

మా ఇంటి సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. కింది భాగం ప్రెస్సు వాళ్ళది, పగలంతా యంత్రాల చప్పుడు. పై భాగం మాది. లోపలి నుంచి ఒకటే మెట్ల దారి. పైన వీధి వైపు నా చదువు గది, వెనుక మా కాపురం, మధ్యలో పొడవాటి హాలు. ఆ హాలు నిండా నా చెల్లెలి ఊయలలు. మా వీధి వీధంతా అంతే, కింద దుకాణాలు, పైన మనుషులు. తెల్లవారేసరికి బట్టల మిల్లుకు పోయేవారు, ఆసుపత్రిలో డ్యూటీ ఉన్నవారు, బస్ డిపోలో టికెట్లు కొట్టేవారు తమ పసివాళ్ళను మా మేడ ఎక్కించి పరుగున దిగేవారు. నేల అంతస్తులో గది కావాలంటే ఆ వీధిలో ఏ దుకాణదారుడూ వినడు. తొమ్మిదవ క్లాజు నిలిస్తే మా చెల్లెలి కేంద్రం మూతపడుతుంది, ఆ వీధిలో దాని వంటివన్నీ మూతపడతాయి. నా చెల్లెలు చదువులో నాకంటె తక్కువేమీ కాదు. వినయంలోనూ నాకు సమానమే, ఇద్దరికీ అది అంతంత మాత్రం.

బిల్లు సంగతి ఆమెకు పత్రికలో కనిపించింది. పొద్దున్న టీ దగ్గర పేపరు నా ముందు పరిచింది.

“అన్నయ్యా, ఇది నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“సభలో ప్రవేశపెట్టిన నాటినుంచి గెజిట్‌లో ఉంది.”

“ఈ ఇంట్లో గెజిట్ నంజుకుని టీ తాగేది మీరొక్కరేనండీ,” అంది నా భార్య.

“సరే, ఇప్పుడైనా చెప్పు. నేనేం చెయ్యాలి?”

“కమిటీ విషయాలు ఇంట్లో మాట్లాడను. ఆఫీసులో ప్రజల కోసం కౌంటరు ఉంది. అక్కడ అడిగిన ఎవరికైనా చెబుతాం.”

నా భార్య టీ గిన్నె ఠపీమని పెట్టింది. “వదినా, మీ అన్నగారి పక్కన కూర్చుని మాట్లాడాలన్నా టోకెను తీసుకోవాలి కాబోలు.”

నా చెల్లెలు నవ్వలేదు. “మంచిదే, అడిగిన ఎవరికైనా అన్నావుగా,” అని లేచి ఊయలల దగ్గరికి పోయింది.

అదే రోజు మధ్యాహ్నం కౌంటరు ముందు వరుస కదులుతోంది. గుమాస్తా పక్కన నేను నిలబడి ఉన్నాను.

“తరువాత ఎవరండీ?” అన్నాను.

“నేనే సార్,” అంది నా చెల్లెలు.

“విషయం?”

“శిశు సంరక్షణ కేంద్రాల బిల్లు మీద కమిటీకి నా మాట చెప్పుకోవాలి సార్. ఎలాగ?”

“అభ్యంతరం రాసి ఇవ్వాలి. సభ్యులందరికీ తలో ప్రతి. స్వయంగా వచ్చి చెప్పుకోదలిస్తే ఆ మాట కూడా అందులోనే కోరాలి. పిలవడం, పిలవకపోవడం కమిటీ ఇష్టం.”

“ఎంత రాయొచ్చు సార్?”

“పొట్టిగా రాస్తే చదువుతారండి.”

“చిరునామా రాయాలా సార్? మీకు తెలుసేమో అనుకున్నా.”

“ఇక్కడ నాకేమీ తెలియదండి.”

“ఇంట్లో వాళ్ళూ అదే అంటుంటారు సార్.”

గుమాస్తా దగ్గు తెచ్చుకుని బల్ల కిందికి వంగాడు. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తరువాతివారిని పిలిచాను. అడిగిన దానికి అడిగినంత చెప్పాను, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆనాడు నేను నడుచుకున్న తీరులో ఈనాటికీ ఒక్క అక్షరం మార్చను.

లాయరమ్మ గారి కోరిక మీద కమిటీ నా చెల్లెలిని సాక్షిగా పిలిచింది. అంతకు ముందు మేడల మీద కేంద్రాలు నడిపేవారు చాలామంది వచ్చి చెప్పి వెళ్ళారు. నా చెల్లెలు వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. వీధి సంగతి, తల్లుల సంగతి, నేల అంతస్తులు దొరకని సంగతి వరుసగా చెప్పింది. లాయరమ్మ గారు తన శిష్యురాలు పాఠం ఒప్పచెబుతున్నట్టు తలాడించారు. కాంట్రాక్టరు గారు అలవాటు ప్రకారం కునుకు తీస్తున్నారు. అప్పుడు హెడ్మాస్టరు గారు చెయ్యెత్తారు. బిల్లులో తొమ్మిదవ క్లాజును పట్టుబట్టి పెట్టించినది ఆయనేనని అందరికీ తెలుసు.

“అమ్మా, ఒకటి అడుగుతా. ఏమీ అనుకోవద్దు.”

“అడగండి మాస్టారూ.”

“మెట్ల దగ్గర నిప్పంటుకుంది. ఒక్కసారి దిగడానికే వ్యవధి ఉంది, మళ్ళీ ఎక్కడానికి లేదు. నీ దగ్గర పసివాళ్ళున్నారు. అందర్నీ కిందికి తేగలవా?”

ఆ ప్రశ్న ఆయన ప్రతి సాక్షినీ అడిగారు. “తెస్తామండి,” “ప్రాణాలిచ్చైనా తెస్తామండి,” అని ప్రతి ఒక్కరూ చెప్పారు. నేను తల వంచుకుని కలం పట్టుకుని ఉన్నాను.

“తేలేను,” అంది నా చెల్లెలు.

లాయరమ్మ గారు కంగారుగా ముందుకు వంగారు. “అంటే, మీ ఉద్దేశం, చుట్టుపక్కల వాళ్ళ సాయం అందితే...”

“సాయం సంగతి ఆయన అడగలేదండీ. నువ్వు తేగలవా అన్నారు. నడిచే పిల్లలు తాడు పట్టుకుని దిగుతారు, రోజూ సాయంత్రం అలాగే దింపుతాం. చంటివాళ్ళయితే మనిషికి ఇద్దరు. నాతో కలిపి మేం ముగ్గురం. మిగతావాళ్ళు ఊయలల్లో ఉండిపోతారు.”

కాంట్రాక్టరు గారు కూడా కళ్ళు తెరిచారు.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. “మా నియోజకవర్గంలో ఒక కేంద్రానికి రిబ్బను కత్తిరించడానికి వెళ్ళి, అక్కడి ఆవిడనీ ఇదే అడిగా. నవ్వుతూ అడిగా. ‘ఎందుకు తేను మాస్టారూ’ అంది. మంచిదే ఆవిడ. నిజంగా నిప్పంటుకున్న నాడు చాలామందినే తెచ్చింది.” ఆగి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “మరి నన్నేం రాయమంటావు?”

“సాక్షుల చేత ముసాయిదా రాయించకూడదు మాస్టారూ,” అన్నారు అధ్యక్షురాలు.

“రాయించట్లేదు మేడమ్. తెలియక అడుగుతున్నా.”

“ఎన్నో అంతస్తు అని కాదు, ఎన్ని చేతులు అని రాయండి,” అంది నా చెల్లెలు. “దిగడానికి రెండో దారి ఉండాలని రాయండి. ఇప్పుడున్న క్లాజు ప్రకారం, కింద ఒక్క మనిషి పాతికమంది చంటివాళ్ళని పెట్టుకున్నా మీరు సరేనంటారు.”

ఆ సాయంత్రం నా భార్య ఊరుకోలేదు. “అంతమంది ముందర ‘తేలేను’ అని ఎలా అన్నావు వదినా? ‘తెస్తా’ అనడానికి నోరు రాలేదా?”

“వచ్చింది వదినా. పళ్ళ వెనకాల ఆగిపోయింది.”

“పోనీ మీరైనా సైగ చెయ్యకపోయారా?” అని నా మీద పడింది.

“కార్యదర్శి సైగలు చేయడు.”

“అవునవును. కార్యదర్శికి చేతులుండవు.”

క్లాజుల మీద ఓటింగు మొదలైంది. ఎనిమిదవ క్లాజు వరకు ఏ ఇబ్బందీ లేదు. ప్రతి దానికీ ముగ్గురు ఔనన్నారు, ససేమిరా గారు ససేమిరా అన్నారు. తొమ్మిదవది రాగానే హెడ్మాస్టరు గారు లేచి, తాను పెట్టించిన క్లాజుకు తానే సవరణ తెచ్చారు. అంతస్తు మాట తీసివేసి, ఒక మనిషికి ఇద్దరు చంటివాళ్ళకు మించరాదని, దిగడానికి రెండు దారులు ఉండాలని. కాంట్రాక్టరు గారు ఉలిక్కిపడి, ప్రభుత్వం వారి క్లాజును ప్రభుత్వ పక్షం వారే మార్చడమేమిటని గొణిగారు.

సవరణకు అనుకూలంగా హెడ్మాస్టరు గారు, లాయరమ్మ గారు చేతులెత్తారు. వ్యతిరేకంగా కాంట్రాక్టరు గారు ఎత్తారు. లాయరమ్మ గారు తన పక్కనున్న పెద్దమనిషి వైపు ఆశగా చూశారు.

“బాబాయ్ గారూ, ఇది మనకి కావలసిందేనండీ. మన సాక్షి చెప్పిందేనండీ.”

“అదంతా నాకు తెలీదమ్మా. ససేమిరా.”

ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఓట్లు సమానమైనప్పుడు తేల్చవలసినది అధ్యక్షస్థానం. ఆమె కాగితం మీంచి తల ఎత్తి నన్ను అడిగారు.

“కార్యదర్శి గారూ, ఇలాంటప్పుడు అధ్యక్షస్థానం ఎటు ఓటు వెయ్యాలి? సంప్రదాయం ఏమిటి?”

వరండాలో మొదటి బెంచీ మీద నా చెల్లెలు కూర్చుని ఉంది. లేచి నిలబడ్డాను.

“బిల్లు వచ్చింది వచ్చినట్టు ఉండేలా వెయ్యాలండి. సభ్యుల్లో ఎక్కువమంది కోరని మార్పును అధ్యక్షస్థానం తన ఒక్క ఓటుతో తేకూడదు. కాబట్టి సవరణకు వ్యతిరేకంగా వెయ్యాలి.”

“ఎవరైనా తప్పారా?”

“నేనెరిగి లేరండి.”

“సరే,” అన్నారామె. సవరణ వీగిపోయింది.

నేను కూర్చోలేదు. పద్ధతి ప్రకారం ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది. “తొమ్మిదవ క్లాజు ఉన్నది ఉన్నట్టుగా బిల్లులో నిలుచునా?” అని చదివాను. కాంట్రాక్టరు గారు ఔనన్నారు. హెడ్మాస్టరు గారు, ఆ క్లాజు తండ్రి, తల అడ్డంగా ఊపారు. లాయరమ్మ గారు కాదన్నారు. అప్పుడు అందరి చూపూ ఒక్క మనిషి మీద నిలిచింది.

“ససేమిరా,” అన్నారాయన.

ఆయన సవరణనూ వద్దన్నారు, క్లాజునూ వద్దన్నారు. ఆయన దృష్టిలో అందులో వైరుధ్యమేమీ లేదు. ఒకరు ఔనని, ముగ్గురు కాదని, తొమ్మిదవ క్లాజు బిల్లులోంచి మొత్తంగా ఎగిరిపోయింది. అంతస్తుల ఆంక్ష లేదు, చేతుల ఆంక్షా లేదు. హెడ్మాస్టరు గారు ఖాళీ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం మా మేడ మీద సందడే సందడి. వీధిలో కేంద్రాలు నడిపే ఆడవాళ్ళందరూ వచ్చారు. “గండం గడిచింది అక్కా,” అని ఒకరంటే, “ఆ ముసలాయన నోరు చల్లగా ఉండాలి,” అని ఇంకొకరన్నారు. నా భార్య అందరికీ టీ పోసింది. నా చెల్లెలు మాత్రం హాలు మధ్యలో నిలబడి ఊయలల వంక చూస్తోంది.

మర్నాడు కౌంటరు తెరవగానే వరుసలో మొదట ఆమె.

“మీ పని అయిపోయింది కదండీ,” అన్నాను.

“అవలేదు సార్. అయినట్టు కనపడుతోంది. చివర్లో కొత్త క్లాజులు చేర్చుకునే వీలుందా?”

“ఉంది. అన్ని క్లాజులూ అయ్యాక. సభ్యులే ప్రతిపాదించాలి.”

“అయితే ఇది హెడ్మాస్టరు గారికి ఇప్పించండి. చేతుల మాట, రెండో దారి మాట మళ్ళీ పెట్టమని రాశాను.”

ఆనాడు మొదటిసారి కౌంటరు మర్యాద దాటి అడిగాను. “నీకు విడుదల దొరికిందే. ఇది వస్తే నిన్నే కట్టేస్తుంది. తెలుసా?”

“తెలుసు. మాస్టారు అడిగినప్పుడు తేలేనన్నాను. ఆ జవాబు ఇంకా అలాగే ఉంది కదా అన్నయ్యా,” అని, వెంటనే సర్దుకుని, “సార్,” అంది.

ఇంట్లో గొడవ వేరే రకంగా వచ్చింది. రెండో దారి ఎక్కడినుంచి అంటే నా చదువు గది కిటికీలోంచి. వీధి వైపు ఇనుప మెట్లు దిగడానికి మరో చోటు లేదు.

“అది నా గది,” అన్నాను.

“తెలుసు.”

“కిటికీ కింద నా బల్ల ఉంది.”

“బల్ల జరుగుతుంది అన్నయ్యా. పిల్లలు బల్ల దూకలేరు.”

“గోడ పొడుగునా నా లా రిపోర్టులు.”

“అవి నిప్పంటుకుంటే బాగా మండుతాయి కూడా,” అంది నా భార్య. “చేతులు తక్కువన్నావు కదా వదినా. రేపట్నుంచి నావి రెండు కలుపుకో. ఇన్నేళ్ళూ ఈ చేతులతో ఎవరికి టీలు పోశానో చూశావుగా.”

చివరి సమావేశంలో హెడ్మాస్టరు గారు కొత్త క్లాజు ప్రతిపాదించారు. కాంట్రాక్టరు గారు అడ్డు తగిలారు, ఒకసారి ఓడిన మాట మళ్ళీ ఎలా వస్తుందని. అధ్యక్షురాలు మళ్ళీ నా వైపు తిరిగారు.

“రావచ్చునండి,” అన్నాను. “అప్పుడు అడిగినది ఒక క్లాజును మార్చమని. ఆ క్లాజు ఇప్పుడు లేదు. ఇది కొత్త ప్రశ్న.”

ఆ వేసవిలో నన్ను రెండుసార్లు అడిగారు. మొదటి జవాబు నా చెల్లెలిని ముంచేది, రెండవది నా కిటికీని తీసేది. రెండూ సరైనవే.

“రెండో దారి అంటే ఏమిటి? బయటినుంచి ఇనుప మెట్లా?” అన్నారు కాంట్రాక్టరు గారు, ఆ పూట తొలిసారి పూర్తిగా మెలకువలోకి వచ్చి.

“అవునండి,” అన్నారు హెడ్మాస్టరు గారు.

“రాష్ట్రమంతా?”

“రాష్ట్రమంతా.”

“పసిపిల్లల ప్రాణాలండీ. నాకేం అభ్యంతరం లేదు,” అని ఆయన చెయ్యి అందరికంటె ఎత్తున లేపారు.

ముగ్గురు ఔనన్నారు. నాలుగవవారు ఏమన్నారో చెప్పనక్కరలేదు. సభలో బిల్లు నెగ్గింది.

ఆ ఎండలు తగ్గకముందే నా కిటికీ తలుపయింది. చెల్లెలు కొందరు చంటివాళ్ళను తీసుకోలేనని తల్లులకు చెప్పవలసి వచ్చింది. వారిలో ఒకామె మా గుమ్మంలోనే నిలబడి తిట్టి పోయింది. మరో ఇద్దరు ఆడవాళ్ళు పనికి కుదిరేవరకు ఆ ఊయలలు ఖాళీగా వేలాడాయి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు చెప్పకుండా వచ్చి వీధి అవతల నిలబడ్డారు. నడిచే పిల్లలు తాడు పట్టుకుని ఇనుప మెట్ల మీద టకటకా దిగారు. వెనుక నా చెల్లెలు, ఆమె మనుషులు, నా భార్య, తలా ఇద్దరు చంటివాళ్ళతో దిగారు. చివరగా నేను తలుపు దగ్గర నిలబడి, పైన ఎవరూ మిగలలేదని చెప్పాను. ఆయన తల ఊపి, చేతి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

కమిటీ నివేదికల చివర సాక్షులకు కృతజ్ఞతలు తెలిపే పేరా ఒకటి ఉంటుంది. అందులో ఏ ఒక్కరినీ విడిగా ప్రస్తావించరాదు. ఆ నియమం సరైనది, ఆ నివేదికలో దానిని నేనే పాటించాను. ఇది నివేదిక కాదు గనుక, కమిటీ మాజీ కార్యదర్శిగా, ఆమె అన్నగా ఈ మాట రికార్డు చేస్తున్నాను: చట్టం తన జోలికి రాకుండా తొలగిపోయిన మర్నాడు, ఎవరూ కోరకుండా, తనను కట్టివేసే క్లాజును తానే అడగడానికి వచ్చి వరుసలో మొదట నిలబడినది నా చెల్లెలు. ఆ పనిని గౌరవపూర్వకంగా గుర్తిస్తున్నాను.